ఇంటిపేరు ఒకటే, ముక్కుతీరు వేరు

తెలుగువాడి ముక్కు చెడ్డవాసన దగ్గర మహాపండితుడు. మంచివాసన దగ్గర మాత్రం మాట రాని పసివాడు. కావాలంటే లెక్క చూసుకోండి. కంపు, గబ్బు, నీచు, కమురు, మాడు, పాచి, ముక్క... ప్రతి అవలక్షణానికీ మన దగ్గర ఓ పేరుంది. వంటింటి గుమ్మం దాటకుండానే పప్పు అడుగంటిందనీ, బియ్యం ముక్కిపోయాయనీ, పోపు మాడిందనీ చెప్పేస్తాం. అదే వాసన బాగుంటే 'ఘుమఘుమ' అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. అది చాలదనిపిస్తే 'మల్లెపువ్వులా', 'సంపెంగలా', 'తొలకరికి తడిసిన మట్టిలా' అంటూ పోలికల్లోకి దిగుతాం.

ఇది మన ఒక్కరి లోపం కాదు లెండి. సెంట్ల వ్యాపారంలో తలపండిన ఫ్రెంచివాళ్ళ పరిస్థితీ ఇంతే. మగవాళ్ళ సెంట్లలో ఒక పెద్ద కుటుంబాన్ని వాళ్ళు 'ఫూజేర్' అంటారు. ఫెర్న్ మొక్క అని దాని అర్థం. తమాషా ఏమిటంటే ఫెర్న్ మొక్కకి చెప్పుకోదగ్గ వాసనే లేదు! 1882లో ఊబిగాన్ అనే సంస్థకు పాల్ పార్కే అనే ఆయన 'ఫూజేర్ రాయల్' అని ఒక సెంటు చేసిపెట్టాడు. ఎండుగడ్డి వాసన ఇచ్చే కూమరిన్ అనే పదార్థాన్ని అప్పటికే ప్రయోగశాలలో తయారుచెయ్యడం నేర్చారు. దాన్నే ఆయన అందులో కలిపాడు. ఆ కూర్పు జనానికి నచ్చింది, తరవాతి వాళ్ళు అదే బాట పట్టారు. లేని వాసన పేరుమీద ఒక వంశమే వెలిసింది.

పుస్తకమైతే బాగాలేని వాక్యాన్ని ఎత్తి చూపించవచ్చు. సినిమా అయితే ఫలానా రీలు కత్తిరించమనవచ్చు. సెంటును సమీక్షించేవాడికి ఆ సదుపాయం లేదు. అతని చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే: పక్కన మరోటి పెట్టి చూడటం. అయితే ఆ పక్కన ఏది పెట్టాలి, పెట్టి ఏం చూడాలి అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. పెళ్ళికూతుర్ని చూడటానికి వెళ్ళి, 'మా పిన్ని కూతురిలా ఉంది' అని చెప్పి వచ్చేస్తే అది అభిప్రాయమవుతుందా చెప్పండి?

ఇవాళ నేను ముందు పెట్టుకున్న సీసా డియోర్ వారి 'సోవాజ్'. 2015లో బజారుకొచ్చింది. చేసినాయన ఫ్రాన్స్వా దెమాషీ. అప్పట్లో ఆ సంస్థకు ఆస్థాన సుగంధకారుడు, పూలతోటలకూ సెంట్లకూ పేరుపడ్డ గ్రాస్ పట్నంలో పెరిగినవాడు. హాలీవుడ్ నటుడు జానీ డెప్ ఎడారిలో తిరిగే ప్రకటన చాలామందే చూసి ఉంటారు. సోవాజ్ అంటే మచ్చిక కానిది, అడవిది అని అర్థం.

డియోర్ అసలు బట్టలు కుట్టే ఇల్లు. క్రిస్టియన్ డియోర్ 1947లో తన మొదటి దుస్తుల ప్రదర్శన పెట్టిన ఏడే 'మిస్ డియోర్' సెంటు కూడా తెచ్చాడు. అంతకుముందే 1921లో షనెల్ అమ్మగారు 'నెంబర్ 5'తో ఆ దారి వేసింది. ఇందులో వ్యాపార రహస్యం పెద్దగా ఏమీ లేదు. ఆ ఇంటి గౌను కొనగలిగేవాళ్ళు ఊరికి పదిమంది. ఆ ఇంటి పేరున్న సీసా కొనగలిగేవాళ్ళు వీధికి పదిమంది.

ఈ సోవాజ్ గురించి నలుగురు చేరినచోట వినపడే సమీక్ష ఎలా ఉంటుందో తెలుసా? 'బ్లూ ద షనెల్ లాంటిదేనండీ' అంటారొకరు. 'వెర్సాచే వాళ్ళది అచ్చు ఇలాగే ఉంటుంది, డబ్బు తక్కువ' అంటారు మరొకరు. 'పాత ఓ సోవాజ్‌కి కొత్త రూపం' అని మూడోవారు సర్టిఫికెట్టు ఇస్తారు. ముగ్గురూ పోల్చారు, ఒక్కరూ తీర్పు చెప్పలేదు. 'లాంటిదే' అన్నమాట తీర్పుకు మొదలే గాని ముగింపు కాదు. దేంట్లో లాంటిది? ఎంతసేపు లాంటిది? ఎక్కడ విడిపోయింది? విడిపోయినచోట బాగుపడిందా, చెడిందా? ఇవి అడగాలి.

అడగడానికి నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. తెల్లటి మందపాటి కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి, వెనకవైపు నెంబర్లు మాత్రం వేసి, ఒక్కొక్కదానికి ఒక్కో సెంటు పట్టించి, వరస కలిపేయమని ఇంట్లో ఎవరికైనా అప్పగించండి. వెంటనే ఒకసారి, అరగంటకోసారి, నాలుగు గంటలకోసారి, మర్నాడు పొద్దున్న ఇంకోసారి చూడండి. ఎందుకంటే తేలికపాటి అణువులు ముందు లేచిపోతాయి, బరువైనవి వెనక మిగులుతాయి. కొట్లో మనకి చూపించేది మొదటి అయిదు నిమిషాలు. మనం కాపరం చేసేది మిగతా ఎనిమిది గంటలతో. అన్నట్టు, ముక్కు అలిసిపోతే కాఫీగింజలు వాసన చూడమని గిన్నె అందిస్తారు. మామూలు గాలి చేసే మేలుకంటే అవి చేసే మేలు ఎక్కువేం కాదు. కాసేపు వీధిలోకి వెళ్ళి రండి, చాలు.

ముందు సోవాజ్ సంగతి. మూత తియ్యగానే దబ్బాకు నలిపినట్టు ఒక చురుకు. అది ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండే బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్కలోని నూనె. ఎర్ల్ గ్రే టీ తాగినవారికి ఆ వాసన పరిచయమే. దాని వెన్నంటే మిరియపు ఘాటు. తరవాత లావెండరు, జెరేనియం కాసేపు కనిపించి తప్పుకుంటాయి. అరగంట దాటాక అసలు మనిషి హాల్లోకి వస్తాడు. ఎండలో ఆరిన ఉప్పు, ఇస్త్రీపెట్టె ఆవిరి, శుభ్రమైన చర్మం కలిసినట్టుండే పొడివాసన. వచ్చినాయన ఇక కదలడు. మర్నాడు పొద్దున్నా పట్టీ మీద ఆయనే ఉన్నాడు.

ఇప్పుడు పక్కన మొదటి పట్టీ: 'ఓ సోవాజ్'. ఈ 'ఓ' మన సంబోధన కాదు సుమండీ, ఫ్రెంచిలో నీళ్ళు అని. 1966లో ఎద్మాన్ రూద్నిత్‌స్కా చేశాడు. ఇంటిపేరు ఒకటి, ఇల్లు ఒకటి కాబట్టి ఇద్దరూ తాతామనవలని లోకం అనుకుంటుంది. ముక్కు దగ్గర పెట్టి చూస్తే ఆ చుట్టరికం బెర్గమాట్ దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. ఓ సోవాజ్‌లో నిమ్మ, తులసి జాతి ఆకు, రోజ్‌మేరీ, అడుగున వట్టివేళ్ళు, నాచు. వట్టివేరంటే మన వట్టివేరే. వేసవిలో తడికలు కట్టుకుని తడిపే ఆ వేళ్ళకి ఫ్రెంచివాడు పెట్టుకున్న 'వెతివేర్' అన్న పేరు తమిళం నుంచి పోయిందే. అంచేత ఆ సీసాలో మనకీ ఒక మేనత్త ఉన్నట్టు లెక్క.

అయితే ఓ సోవాజ్ గొప్పతనం వట్టివేరులో లేదు. హెడియోన్ అనే పదార్థంలో ఉంది. జాజిపూల సారాన్ని విడదీసి పరిశోధించిన ఫిర్మెనిష్ కంపెనీ రసాయనవేత్త ఎదువార్ దెమోల్ దాన్ని వెలికితెచ్చాడు. విడిగా చూస్తే అది పెద్ద వాసన కాదు, పూలు ఉన్న గదిలో కిటికీ తెరిచినట్టుంటుంది. దాన్ని నిమ్మవాసనల మధ్య పెట్టి, ఒకదానికొకటి తగలకుండా గాలి ఆడేలా చేసిన ఘనత రూద్నిత్‌స్కాది. కొత్త సోవాజ్‌లో నాకు లేదనిపించింది సరిగ్గా ఆ గాలే. అందులో ప్రతి అంగుళమూ నిండి ఉంది. మనవడు తాతగారి ఇంట్లోనే దిగాడు గాని, కిటికీలు మూసి ఏసీ పెట్టించాడు.

న్యాయానికి ఒక మాట. నేను చూసిన ఓ సోవాజ్ ఇప్పటి సీసాలోది. ఓక్ చెట్ల మీది నాచులో కొన్ని పదార్థాలు ఒంటికి పడటం లేదని ఐరోపా సమాఖ్య 2017లో వాటిని నిషేధించింది. అంచేత ఇప్పటి కూర్పు 1966 నాటిది పొల్లుపోకుండా అదేనని ఎవరూ అనలేరు. తాతగారికి మందులూ పథ్యమూ నడుస్తున్నాయి. అయినా నడకలో దర్జా తగ్గలేదు.

రెండో పట్టీ: 'బ్లూ ద షనెల్'. 2010లో జాక్ పోల్జ్ చేసింది. ఇది సోవాజ్‌కి తాత కాదు, తోటివాడు, పోటీవాడు. ఎక్కువమంది పోల్చేది వీటినే. పోలిక మొదటి పది నిమిషాల్లో నిజమే. అదే నిమ్మచురుకు, అదే మిరియం. తరవాత దారులు చీలిపోతాయి. బ్లూ అల్లంలోకి, జాజికాయలోకి, సాంబ్రాణి పొగలోకి, దేవదారు చెక్కలోకి మెట్టు మెట్టుగా దిగుతుంది. సోవాజ్ మెట్లెక్కదు, దిగదు, లిఫ్టులో ఒకే అంతస్తుకు పోయి ఆగుతుంది. నెంబర్లు మాత్రమే తెలిసిన మా ఇంట్లోవాళ్ళు బ్లూ పట్టీ చూసి, 'ఇది ఆఫీసులో పెద్ద గుమాస్తా' అన్నారు. సోవాజ్ పట్టీ చూసి, 'ఇది ఇప్పుడే స్నానం చేసి, పక్కింటివాళ్ళకి కూడా తెలిసేలా తయారైన కుర్రాడు' అన్నారు. ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను. కాకపోతే ఒకటి. బ్లూ అందరికీ నచ్చాలని మాట మాటకీ సర్దుకుపోయే రకం. సోవాజ్ చెప్పదలుచుకున్నది ఒక్కటే, అది స్పష్టంగా చెబుతుంది. ఈ పోలికలో నా మార్కులు సోవాజ్‌కే.

మూడోవరసలో రెండు పాతకాపులు: 1982 నాటి 'ద్రాకార్ న్వార్', 1988లో పియేర్ బుర్దాన్ చేసిన 'కూల్ వాటర్'. పేర్లు వేరు, ఇళ్ళు వేరు. సోవాజ్ రక్తసంబంధం మాత్రం నాకు ఇక్కడే కనిపించింది. ఈ రెంటిలోనూ డైహైడ్రోమైర్సినాల్ అనే పదార్థం పుష్కలం. నిమ్మ, లావెండరు, చల్లటి ఇనుము కలిసినట్టుండే ఆ వాసన సెంట్లలో పేరు తెచ్చుకోకముందు సబ్బుల్లోనూ బట్టల సబ్బుపొడుల్లోనూ కొలువు చేసింది. 'శుభ్రం' అంటే ఈ కాలపు ముక్కుకి గుర్తొచ్చేది ఆ వాసనే. మగవాడి సెంటు అంటే తోట కాదు, స్నానాలగది అని ఖాయమైపోయింది ఆ రోజుల్లోనే. సోవాజ్ దానికి మనవడు. ఇంటిపేరు డియోర్‌దే, ముక్కుతీరు మాత్రం ఈ వీధిది.

నాలుగో పట్టీ అసలు సెంటే కాదనాలి. 'మాలిక్యూల్ 02' అని 2008లో వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క సుగంధ పదార్థం, ఆంబ్రాక్సాన్. దీన్ని ఎందుకు తెచ్చానంటే, సోవాజ్‌లో అరగంట తరవాత హాల్లోకి వచ్చిన ఆ పెద్దమనిషి ఇతనే గనక. దీని వెనక కథ బాగుంటుంది. స్పెర్మ్ తిమింగలం కడుపులో, జీర్ణం కాని స్క్విడ్ ముక్కుల చుట్టూ ఒక ముద్ద తయారవుతుంది. అదే మనవాళ్ళు అంబరు అని పిలిచే వస్తువు. కొత్తగా బయటపడ్డప్పుడు పేడకంపు. ఏళ్ళ తరబడి సముద్రంలో ఎండకీ ఉప్పుకీ నాని మాగితే పరిమళం. ఆ మాగుడులో పుట్టే ముఖ్యమైన అణువే ఇది. ఇప్పుడు తిమింగలంతో పనిలేదు. క్లారీ సేజ్ అనే మొక్క నుంచి తీసిన పదార్థంతో చేస్తున్నారు, చెరకు చక్కెరను పులియబెట్టి కూడా చేస్తున్నారు. మన దేశంలో అసలు అంబరు దగ్గర పెట్టుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. అంచేత ఈ మార్పు తిమింగలానికీ మంచిదే, మనకీ మంచిదే.

ఒంటరి ఆంబ్రాక్సాన్ పక్కన సోవాజ్‌ని పెడితే దెమాషీ పనితనం తెలుస్తుంది. ఒక్కటిగా అది పొడిగా, మొహం లేనట్టుగా ఉంటుంది. దానికి బెర్గమాట్‌తో చిరునవ్వు, మిరియంతో మాటతీరు, లావెండరుతో ఇస్త్రీచొక్కా తగిలించి మనిషిని చేశాడాయన. 'రసాయనం పోసి అమ్ముతున్నారు' అని గొణిగేవాళ్ళకి ఈ పట్టీ జవాబు. రసాయనం ముద్దకర్ర, కూర్పు శిల్పం.

ఇక చివరి వరస, వెనక వచ్చినవాళ్ళు. 2016లో వెర్సాచే వారి 'డిలన్ బ్లూ', 2017లో ప్రాదా వారి 'లూనా రోసా కార్బన్'. ఇవి పేరున్న ఇళ్ళవి. ఆపైన మన అత్తరు కొట్లలో సోవాజ్ పేరు చెప్పి అమ్మే నూనెలు. కార్బన్ నాలుగో గంటకి సోవాజ్ నుంచి విడదీయలేనంత దగ్గరగా వచ్చింది. మొదటి పావుగంటలో మాత్రం తేడా తెలుస్తుంది. డబ్బు పెట్టి కొన్న బెర్గమాట్ ఎక్కడుందో ముక్కు చెబుతుంది. కొట్లో నూనె సంగతి చెప్పాలంటే, ఆ పావుగంట అందులో లేనే లేదు. నేరుగా అరగంట తరవాతి కథ మొదలవుతుంది. మొదటి ప్రకరణం చింపేసిన నవల అనుకోండి.

ఇలా పోలి ఉండటం దొంగతనమా? 2006 జూన్ 13న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం, సెంటు వాసనకు కాపీరైటు లేదు, అది పనివాడి నేర్పు మాత్రమే అంది. సరిగ్గా మూడు రోజులకి, జూన్ 16న, నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు లాంకోమ్ వారి 'ట్రెజోర్' కేసులో, వాసనకూ కాపీరైటు ఉండవచ్చు అని చెప్పింది. సెంట్ల పుట్టిల్లు సెంటును కళ కాదంది, పక్క ఊరు కళేనంది. నా ఓటు పక్క ఊరికే. కళ కాకపోతే ఇన్ని పట్టీలు కత్తిరించి నేను చేసినదేమిటి?

అయితే తీర్పు చెప్పవద్దూ? చెబుతాను. పనితనంలో సోవాజ్ మొదటి తరగతి. మొదటి పావుగంట అందం, తరవాత నిలకడ, ఎక్కడా తడబాటు లేదు. దాని లోపం కూర్పులో లేదు, స్వభావంలో ఉంది. ఎదుటివాడికి చోటివ్వదు. ఏ వాసనలోనైనా కాసేపుంటే మన ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. పైగా కొన్ని కస్తూరి జాతి, అంబరు జాతి అణువులు కొందరి ముక్కుకి అసలు అందవు. దాంతో ఏమవుతుంది? కొట్టుకున్నవాడు 'పోయింది కాబోలు' అని ఇంకో నాలుగుసార్లు కొట్టుకుంటాడు. బస్సులో పక్కసీటు ఆవిడ కిటికీ వెతుక్కుంటుంది. ఓ సోవాజ్ కొట్టుకున్నవాడి దగ్గరికి మీరు వెళితే తెలుస్తుంది. సోవాజ్ అయితే మనిషికంటే ముందే మన దగ్గరికి వస్తుంది. సెంటు కొనేవాడు ఒకడు, దాన్ని భరించేవాళ్ళు పదిమంది. సమీక్షకుడు ఆ పదిమంది తరఫున కూడా మాట్లాడాలి కదా. అంచేత నా సలహా: కొనండి, ఒక్కసారే కొట్టుకోండి, రెండోసారి కావాలో వద్దో ఇంట్లోవాళ్ళని అడగండి.

ఇంకో బెంగ ఉంది, అది సోవాజ్ ఒక్కదాని తప్పు కాదు. 'అదే లాంటిది ఇవ్వండి' అని మనం అడిగినకొద్దీ అమ్మేవాళ్ళు అదే లాంటివి చేస్తారు. చేసినకొద్దీ మనకి అవే దొరుకుతాయి. పాత బీరువా తెరిస్తే ఒకరి చీరల్లో కర్పూరం, ఒకరి చొక్కాల్లో వట్టివేళ్ళు, ఒకరి కండువాలో నశ్యం. కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం ఏది ఎవరిదో. మనిషి పోయాక కూడా ఆ బట్టలో కొన్నాళ్ళు ఉండేవాడు. రేపు ఓ పిల్లవాడు వాళ్ళ నాన్న చొక్కా మొహానికి ఆనించుకుంటే, అతనికి నాన్న గుర్తుకు రావాలి గాని బస్సులో జనం, బ్యాంకులో క్యూ, లిఫ్టులో పేరు తెలియని పెద్దమనిషి గుర్తుకు రాకూడదు. సీసాలు పక్కపక్కన పెట్టి చూడమని నేను ఇంతసేపు పోరింది అందుకే. ఏది దేనిలా ఉందో తెలుసుకున్నాక, ఏదీ దేనిలానూ లేనిచోట కాసేపు ఆగండి. మీ సెంటు అక్కడ ఉంటుంది.